ఇంటి నుంచి పని నేర్చుకునే కొత్తవాళ్ళకు మెంటర్: ఖర్చెంత, లాభమేంటి, ఎక్కడ చెడుతుంది

మీరు అడిగింది ఇది. విశాఖలో ఆఫీసున్న 40 మంది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ సంస్థ మీది. సగానికి పైగా ఉద్యోగులు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, నర్సీపట్నం వైపు సొంత ఊళ్ళ నుంచే పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు ఆరు నెలలు తిరక్కుండానే మానేస్తున్నారు. మెంటరింగ్, అంటే కొత్తవాళ్ళ ఒక్కొక్కరికీ నేర్పడానికి ఒక సీనియర్‌ను తోడు పెట్టడం, మొదలుపెడదామంటే యాజమాన్యం "రోజూ స్టాండప్ కాల్ (ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగ్) ఉంది, చాట్ గ్రూపు ఉంది, ఇంకెందుకు, సీనియర్ల టైము దండగ" అంటోంది. నిజంగా లాభముందా, ఉంటే ఎలా మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

లాభముంది. అయితే వారానికోసారి అరగంట కాల్ పెట్టి "ఎలా ఉన్నారు, ఏమైనా ఇబ్బందా" అని అడిగి ఊరుకుంటే యాజమాన్యం మాటే నిజమవుతుంది. ఇంటి దగ్గరున్న కొత్తవాళ్ళకు అందకుండా పోయింది పలకరింపు కాదు, చిన్న ప్రశ్న అడిగే వీలు. మెంటరింగ్‌లో మీరు పెట్టే ప్రతి ఏర్పాటూ ఆ వీలును తిరిగి తెచ్చేదిగా ఉండాలి. దానికి పనికిరానిది ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి "ఈ క్లయింట్ లాగ్‌లు ఏ ఫోల్డర్‌లో ఉంటాయి?" అని పక్క సీటును అడిగితే ఇరవై సెకన్లలో జవాబు వస్తుంది. అదే అమ్మాయి పార్వతీపురంలో ఇంట్లో కూర్చుంటే ముందు ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. చాట్‌లో వాళ్ళ పేరు పక్కన బిజీ అని ఎర్ర చుక్క ఉంటే అడగొచ్చా లేదా అని తటపటాయించాలి. మెసేజ్ టైపు చేసి, ఇంగ్లీషు సరిగా ఉందో లేదో చూసి, "ఇంత చిన్నది కూడా తెలీదా అనుకుంటారేమో" అని చెరిపేయాలి. చివరికి అడగదు. తనే వెతుక్కుంటూ మధ్యాహ్నమంతా గడిపేస్తుంది. రోజుకు ఇలాంటివి నాలుగు పడితే నెల తిరిగేసరికి "నాకు ఈ పని రాదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తుంది. ఆ నిర్ణయం మీకు రాజీనామా మెయిల్ వచ్చేదాకా కనబడదు. స్టాండప్‌లో రోజూ "వర్కింగ్ ఆన్ ఇట్" అనే వినబడుతుంది.

అడిగి నేర్చుకునేదే కాదు, చెవిన పడి వచ్చేది కూడా పోతుంది. సీనియర్ కోపంగా ఉన్న క్లయింట్‌తో ఏ గొంతుతో మాట్లాడుతున్నాడు, రెండు టికెట్లు (క్లయింట్ సాయం కోరుతూ పెట్టే సమస్యలు) ఒకేసారి పడితే దేన్ని ముందు పట్టుకుంటున్నాడు, ఏది తెలిసీ పక్కన పెడుతున్నాడు. ఇవి ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు. గదిలో ఉంటే వాటంతట అవే వస్తాయి.

యాజమాన్యానికి చూపించడానికి రెండు పరిశోధనలు చాలు. మొదటిది 2010-11లో షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ కాల్ సెంటర్‌లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. వర్క్ ఫ్రం హోమ్‌ను మెచ్చుకునేవాళ్ళంతా ఇక్కడితో ఆపేస్తారు. మీకు కావలసింది ఆ తర్వాతి రెండు సంగతులు. ఆ ప్రయోగంలోకి తీసుకున్నది అప్పటికే కనీసం ఆరు నెలలుగా సంస్థలో ఉన్నవాళ్ళను, అంటే పని వచ్చినవాళ్ళను. మీ దగ్గర మానేస్తున్నది ఆరు నెలల లోపువాళ్ళు. రెండోది, ఒకే స్థాయి పనితీరు ఉన్నవాళ్ళను పోల్చి చూస్తే ఇంటి నుంచి చేసినవాళ్ళకు ప్రమోషన్ వచ్చే అవకాశం తగ్గింది. పని బాగా చేసినా కళ్ళ ముందు లేకపోతే పేరు గుర్తుకు రాదు.

ఇంకొక పరిశోధన నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పాలే అనే ముగ్గురు ఆర్థికవేత్తలది. ఒక పెద్ద అమెరికన్ సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు రాసిన కోడ్ మీద సహోద్యోగులు పెట్టిన వ్యాఖ్యలను వాళ్ళు లెక్కగట్టారు. టీమంతా ఒకే భవనంలో ఉంటే వ్యాఖ్యలు ఎక్కువ వచ్చాయి. ఒక్కరు వేరే భవనంలో ఉన్నా, ఒకే చోట ఉన్న మిగతావాళ్ళ మధ్య కూడా తగ్గాయి. దీంతోపాటు ఇంకొకటి బయటపడింది: దగ్గర కూర్చుని నేర్పుతున్న సీనియర్ల సొంత ఉత్పత్తి తగ్గింది. ఇది దాచకుండా యాజమాన్యానికి చెప్పండి. నేర్పడానికి ఖర్చవుతుంది. ఆఫీసులో ఆ ఖర్చు లెక్కకు రాకుండా జరిగిపోతుంది. ఇంటి నుంచి పనిచేసేటప్పుడు దాన్ని కావాలని కేటాయించాలి.

ఖర్చు ఎంతో వేసి చూద్దాం. ఒక కొత్త వ్యక్తికి ఆరు నెలల మెంటరింగ్ అనుకోండి. మొదటి నాలుగు వారాలు వారానికి 3 గంటలు, అంటే 12. తర్వాతి ఎనిమిది వారాలు వారానికి గంటన్నర, ఇంకో 12. ఆ తర్వాత పన్నెండు వారాలు రెండు వారాలకోసారి గంట, అది 6. మొత్తం 30 గంటలు. మెంటర్ జీతం నెలకు 60,000, నెలకు 176 పని గంటలు అనుకుంటే గంటకు 341 రూపాయలు. ముప్పై గంటలకు పదివేల పైచిలుకు. ఇటు 25,000 జీతంతో చేరినవాళ్ళు మొదటి మూడు నెలలు సగం పనే ఇవ్వగలరు అనుకుంటే నేర్చుకునే ఖర్చు 37,500. ఆ మనిషి ఆరో నెలలో వెళ్ళిపోతే అదే 37,500 కొత్త మనిషి మీద మళ్ళీ పెట్టాలి. ఇంటర్వ్యూల టైము, ఖాళీ సీటు వల్ల మిగతావాళ్ళ మీద పడే బరువు ఇందులో కలపలేదు. ఒక్కరు ఆగితే ముగ్గురి మెంటరింగ్ ఖర్చు వచ్చేస్తుంది. మీ జీతాలు, మీ నెలలు పెట్టి ఈ లెక్క మళ్ళీ వేయండి. ఇంకెవరి అంకెలో చూపిస్తే యాజమాన్యం వినదు, మీ అంకెలు చూపిస్తే వింటుంది.

ఇక మెంటర్‌గా ఎవరిని పెట్టాలి. రిపోర్టింగ్ మేనేజర్‌ను పెట్టొద్దు, ఎంత మంచివారైనా సరే. అప్రైజల్ రేటింగ్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళను "ఇది నాకు తెలీదు" అని ఎవరూ అడగరు. టీమ్ లీడ్ కూడా రేటింగ్‌లో మాట చెప్పేవారైతే వారినీ వదిలేయండి. అందరికంటే తెలివైనవారిని వెతకనక్కర్లేదు. రెండు నుంచి నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు రోజువారీ పని నేర్పడానికి సరిగ్గా సరిపోతారు. ఎక్కడ చిక్కుకుంటారో వాళ్ళకు ఇంకా గుర్తుంటుంది. పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవారికి కొన్ని అడుగులు అలవాటైపోయి, చెప్పడమే మర్చిపోతారు. వారిని మూడో నెల తర్వాత కెరీర్ విషయాలు మాట్లాడటానికి పెట్టుకోండి.

ఒక మెంటర్‌కు ఒకేసారి ఇద్దరిని మించి ఇవ్వొద్దు. మెంటర్ షిఫ్టూ జూనియర్ షిఫ్టూ కనీసం రెండు గంటలు కలవాలి. అమెరికా క్లయింట్ పని ఉంటే ఇక్కడే దెబ్బతింటారు. న్యూయార్క్‌కూ మనకూ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నర గంటల తేడా, మిగతా నెలల్లో పదిన్నర గంటలు. క్లయింట్ ఉదయం 9 గంటల మీటింగ్ ఎండాకాలంలో మనకు సాయంత్రం 6:30కి పడితే, చలికాలంలో 7:30కి పడుతుంది. నవంబర్‌లో ఆ మీటింగ్ గంట పక్కకు జరిగి మెంటర్ టైము మీదికి వచ్చి కూర్చుంటుంది. "ఈ వారం వద్దులే" అని ఒకసారి, మళ్ళీ వారం ఇంకోసారి. అలా రెండు వారాలు పోయాక అది మళ్ళీ మొదలవదు. ఆ రెండు ఆదివారాలు కేలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకుని మెంటర్ టైము కూడా జరపండి.

మెంటర్‌కు పని తగ్గించకుండా ఈ బాధ్యత ఇస్తే ఆ జంట నెల తిరిగేలోపు విడిపోతుంది. వారానికి 40 గంటల్లో 3 గంటలంటే ఏడున్నర శాతం. మొదటి నెల ఆ మేరకు టికెట్లు తగ్గించి, తగ్గించినట్టు టీమ్ ముందే చెప్పాలి. నోటి మాటగా "మేనేజ్ చేసుకోండి" అంటే మెంటర్ రాత్రి పదింటికి జవాబులిస్తాడు, జూనియర్ పగలంతా ఆగిపోతుంది.

ఆ 3 గంటలు ఎలా పంచాలో చెప్తాను, విషయమంతా ఇందులోనే ఉంది. రోజూ అరగంట, ఒకే టైముకు, ఒక ఓపెన్ లైన్ పెట్టండి. ఐదు రోజులకు రెండున్నర గంటలు. మిగిలిన అరగంట వారం చివర విడిగా మాట్లాడుకోవడానికి. ఓపెన్ లైన్ అంటే మీటింగ్ కాదు. ఇద్దరూ కాల్‌లో చేరతారు, కెమెరాలు ఆపేస్తారు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ప్రశ్న వచ్చినప్పుడు మైకు తీసి అడుగుతారు. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మొదటి వారం ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది, మౌనాన్ని నింపాలనిపిస్తుంది. నింపొద్దు. పక్క సీట్లో కూర్చున్నప్పుడు కూడా ఎవరూ అదేపనిగా మాట్లాడరు. రెండో వారం నుంచి "ఇది ఒక్కసారి చూస్తారా" అని చిన్నవి బయటికొస్తాయి. ఆ చిన్నవాటి కోసమే ఇదంతా. అరగంటలో ఎక్కువ భాగం మెంటర్ తన పనే చేసుకుంటాడు కాబట్టి అసలు నష్టం పైన వేసిన లెక్క కంటే తక్కువే ఉంటుంది.

ఐదో వారం నుంచి దీన్ని వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున చేయండి. మూడు నెలల తర్వాత ఆపేయండి. పొడిగించమని అడుగుతారు, పొడిగించొద్దు. అప్పటికి ప్రశ్నలు టీమ్ ఛానల్‌లోకి పోవాలి.

ఓపెన్ లైన్ లేని టైములో చిక్కుకుంటే అరగంట సొంతంగా ప్రయత్నించి, ఆ తర్వాత తప్పనిసరిగా అడగాలన్న నియమం పెట్టండి. "అడగొచ్చు" అని కాదు, "అడగాలి" అని. మనవాళ్ళకు అడగొచ్చు అంటే మొహమాటం అడ్డొస్తుంది, అడగాలి అంటే అది పనిలో భాగమవుతుంది. ఎలా అడగాలో కూడా మొదటి రోజే చూపించండి. "సార్, ఫ్రీగా ఉన్నారా?" అని పంపి జవాబు కోసం ఎదురుచూసేది ప్రశ్న కాదు. ఇలా ఉండాలి:

"మార్చి ఇన్‌వాయిస్ రిపోర్ట్ టికెట్ మీద ఉన్నాను సార్. మార్చి ఎంట్రీలే రావాలి, ఏప్రిల్ 1వి నాలుగు కూడా కలిసి వస్తున్నాయి. తేదీ ఫిల్టర్ తీసి మళ్ళీ పెట్టి చూశాను, బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేశాను, అదే వస్తోంది. ఆ నాలుగూ తెల్లవారి 5:30 లోపు పడినవే. సర్వర్ టైము యూటీసీలో ఉందేమో అని అనుమానం. ఎక్కడ చూడాలి?"

(యూటీసీ అంటే ప్రపంచ ప్రామాణిక సమయం.) ఏం చేయబోతున్నాను, ఏం వస్తోంది, ఏం ప్రయత్నించాను, ఏం అనుకుంటున్నాను. ఈ నాలుగూ ఉంటే మెంటర్ ఫోన్‌లోనైనా ఒక నిమిషంలో జవాబివ్వగలడు. ఇలా రాసేటప్పుడు కొన్నిసార్లు జవాబు వాళ్ళకే దొరికిపోతుంది. పై ప్రశ్నకు "డాక్యుమెంట్ చూడండి" అనే జవాబు ఒక్కసారి వచ్చిందంటే ఆ అమ్మాయి మళ్ళీ అడగదు. మంచి జవాబు ఇలా ఉంటుంది: "అనుమానం సరైనదే. డేటాబేస్‌లో టైము యూటీసీలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. రిపోర్ట్ ఫంక్షన్‌లో టైమ్‌జోన్ మార్చాలి. మార్చేముందు అదే ఫంక్షన్‌ను ఇంకే రిపోర్టులు వాడుతున్నాయో వెతికి నాకు పంపండి." చివరి వాక్యం చూడండి. అడిగినదానికి జవాబు ఇచ్చి, సీనియర్ అలవాటుగా చేసే తర్వాతి అడుగు కూడా చేతికిచ్చింది. నేర్పడమంటే అదే.

భాష విషయంలో పట్టుపట్టొద్దు. జూనియర్ తెలుగులో అడిగినా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసినా జవాబివ్వండి. క్లయింట్‌కు ఇంగ్లీషులో రాయడం విడిగా నేర్పొచ్చు. "సార్", "మేడం" అనకండి, పేరుతోనే పిలవండి అని మొదటి రోజే బలవంతపెట్టడం కూడా అక్కర్లేదు. వాళ్ళకు ఎలా పిలిస్తే నోరు పెగులుతుందో అలా పిలవనివ్వండి.

స్క్రీన్ షేర్ చేసేటప్పుడు ఎవరి చెయ్యి మౌస్ మీద ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. మొదటిసారి ఒక పనిని మెంటర్ తన స్క్రీన్ మీద చేసి చూపించాలి, తను ఏం ఆలోచిస్తున్నాడో బయటికి అంటూ: "ఇక్కడ ఎర్రర్ వచ్చింది, కానీ ఇది పాతదే, నేను పట్టించుకోవట్లేదు. కింద టైము చూస్తున్నాను." రెండోసారి నుంచి స్క్రీన్ జూనియర్‌ది, చెయ్యి జూనియర్‌ది. మెంటర్ నోటితో మాత్రమే చెప్పాలి. రిమోట్ కంట్రోల్ తీసుకుని చకచకా చేసేస్తే పది నిమిషాల పని రెండు నిమిషాల్లో అయిపోతుంది, జూనియర్‌కు ఏమీ మిగలదు. ఎర్రర్ మెసేజ్‌ను జూనియర్ చేత పైకి చదివించండి. మెసేజ్‌లోనే కారణం ఉన్నా కళ్ళు దాటేస్తుంటాయి, చదివితే దొరుకుతుంది.

"అర్థమైందా?" అన్న ప్రశ్నను మెంటర్లు పూర్తిగా మానేయాలి. దానికి మన దగ్గర ఒకటే జవాబు: "అర్థమైంది సార్." మొహం కనబడితే అర్థం కాలేదని పసిగట్టొచ్చు, కెమెరా ఆపి ఉంటే ఆ దారి కూడా లేదు. బదులుగా "ఇప్పుడు మీరు మొదట తెరిచేది ఏ ఫైలు?" అని అడగండి. "ఇది క్లయింట్‌కు చెప్పాలంటే ఎలా చెప్తారు?" అనండి. జవాబు తడబడితే ఎక్కడ తెగిందో మీకే తెలుస్తుంది, వాళ్ళను చిన్నబుచ్చాల్సిన పని ఉండదు.

మూడో వారం దాకా ప్రైవేటు మెసేజ్‌లు ఫర్వాలేదు. తర్వాత ప్రశ్నలను టీమ్ ఛానల్‌లోకి మళ్ళించాలి, లేకపోతే మెంటర్ జవాబుల యంత్రమైపోతాడు, అదే ప్రశ్నకు ఐదుగురికి ఐదుసార్లు చెప్తాడు. "ఛానల్‌లో అడగండి" అని చెప్తే ఎవరూ అడగరు. ముందు మెంటరే తనకు తెలియనిది ఛానల్‌లో అడగాలి. సీనియర్ "నాకిది తెలీదు, ఎవరైనా చూశారా?" అని రాయడం జూనియర్ చూస్తే దారి దానంతట అదే తెరుచుకుంటుంది. తేలిన జవాబును ఒక ఉమ్మడి షీట్‌లో జూనియర్ చేతే రెండు లైన్లలో రాయించండి. తర్వాతి బ్యాచ్‌కు మొదటి వారం చదువుకోవడానికి అంతకంటే మంచిది మీరు తయారు చేయలేరు, అన్నీ నిజంగా చిక్కుకున్న చోట్లే కాబట్టి.

వారం చివరి అరగంట విడి సంభాషణలో టికెట్ల స్టేటస్ అడగొద్దు. ఈ ఒక్క జారుడుతో మెంటరింగ్ ఇంకో మేనేజర్ కాల్ అయిపోతుంది. "ఈ వారం ఎక్కువసేపు ఒంటరిగా ఆగిపోయింది ఎక్కడ?", "ఎవరి మాట అర్థం కాలేదు?", "ఇంట్లో పని చేసుకునే వీలు ఎలా ఉంది?" ఈ మూడూ చాలు. ఇక్కడ చెప్పినవి మేనేజర్‌కు పోకూడదు. ఆరోగ్యం, భద్రత విషయాలు తప్ప మిగతావి జూనియర్ ఒప్పుకుంటేనే బయటికి వెళ్ళాలని మొదటి రోజే ముగ్గురికీ చెప్పేయండి. ఒక్కసారి మాట బయటికి పొక్కితే ఆ మెంటర్‌తోనే కాదు, ఈ ఏర్పాటు మీదే నమ్మకం పోతుంది.

ఇంట్లో వీలు అన్నది చిన్న విషయం కాదు. ఉమ్మడి కుటుంబంలో కొత్తగా పెళ్ళైన అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే "ఇంట్లోనే ఉన్నావు కదా" అని పది పనులు వచ్చి పడతాయి. ఓపెన్ లైన్ ఉదయం వంట వేళకు పెడితే ఆమె ప్రతిరోజూ ఆలస్యంగా చేరుతుంది, మెంటర్ ఆమెకు ఆసక్తి లేదనుకుంటాడు. టైము జూనియర్‌ను అడిగి పెట్టండి. వేళ కుదిరాక ఆ అరగంట తప్పనిసరి అని సంస్థ నుంచి ఒక మెయిల్ వెళ్తే, ఇంట్లోవాళ్ళకు చూపించుకోవడానికి ఆమెకు ఒక ఆధారం ఉంటుంది.

మహిళా ఉద్యోగుల విషయంలో చట్టం కూడా చూడాలి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం పనిచేసే చోటు అన్న మాటలో ఇల్లు కూడా వస్తుంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. కాబట్టి మెంటరింగ్ కాల్స్ అన్నీ ఆఫీసు ప్లాట్‌ఫాం మీదే, షిఫ్టు వేళల్లోనే జరగాలి. వ్యక్తిగత నంబర్‌కు రాత్రిపూట మెసేజ్‌లు వద్దని మెంటర్లకు రాతపూర్వకంగా చెప్పండి. కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు మొదటి రోజు ఇచ్చే కాగితంలో ఉండాలి.

కాగితం అన్నాను, నిజంగానే ముద్రించిన కాగితం. మెంటర్ ఫోన్ నంబర్, బదులు మెంటర్ నంబర్, ఐటీ నంబర్ దాని మీద ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని అలాగే చీకట్లో ముంచింది. మీ ఉద్యోగులు సగం మంది ఆ వైపు ఊళ్ళలోనే ఉన్నారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో చేరే బ్యాచ్‌కు మొదటి వారమే చెప్పండి: నెట్ పోతే మామూలు ఫోన్ కాల్, అదీ అందకపోతే సిగ్నల్ దొరికినప్పుడు ఒక ఎస్సెమ్మెస్. రెండు రోజులు కనబడకపోయినా జీతం కోత ఉండదని మెంటర్ నోటి నుంచి వినబడాలి. కొత్తవాళ్ళు ఉద్యోగం పోతుందేమో అన్న భయంతో తుఫానులో నెట్ కోసం బయట తిరగకూడదు.

పేరు గుర్తుకురాని సమస్యకు మెంటరే మందు. నెలాఖరున మెంటర్ మేనేజర్‌కు రెండు లైన్లు రాయాలి, జూనియర్ చేసిన ఒక నిర్దిష్టమైన పని గురించి. "బాగా చేస్తోంది" అని రాస్తే పనికిరాదు. "ఇన్‌వాయిస్ రిపోర్ట్‌లో టైమ్‌జోన్ తప్పు కనిపెట్టింది, అదే తప్పున్న ఇంకో మూడు రిపోర్టులు తనే వెతికి సరిచేసింది" అని రాయాలి. ఇది రహస్యాలు మోసే నివేదిక కాదు, పంపేముందు జూనియర్‌కు చూపించాలి. నాలుగో నెలలో ఒక క్లయింట్ డెమోలో ఐదు నిమిషాల భాగం జూనియర్ చేత చేయించండి, ముందు రోజు మెంటర్‌తో ఒకసారి చదువుకుని. మెంటర్ ఆ కాల్‌లో ఉండాలి, కానీ అడిగితే తప్ప మాట్లాడకూడదు.

మూడు నెలలకోసారి రెండు రోజులు విశాఖ ఆఫీసుకు రప్పించండి. ప్రయాణం, బస ఖర్చు సంస్థే పెట్టుకోవాలి. ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ స్టేషన్‌లో దిగినా, నర్సీపట్నంలో బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగినా ఆఫీసున్న రుషికొండ వైపు మళ్ళీ ముప్పావు గంట సిటీ బస్సు. కాబట్టి మొదటి రోజు 11 గంటలకు మొదలుపెట్టండి. ఆ రెండు రోజులూ మెంటర్ కేలెండర్ ఖాళీగా ఉండాలి. లేకపోతే ఏం జరుగుతుందంటే, జూనియర్ అంత దూరం వచ్చి ఒక మూల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంట్లో చేసే కాల్స్ ఇక్కడ చేసుకుని వెళ్ళిపోతుంది. పక్కపక్కన కూర్చుని ఒక కష్టమైన టికెట్ మొదటి నుంచి చివరిదాకా కలిసి చేయాలి, మధ్యాహ్నం టీమ్‌లో మిగతావాళ్ళతో కలిసి భోజనం చేయాలి. అరకు పిక్నిక్ మంచిదే, అది దీనికి బదులు కాదు.

మూడో వారం చివర జంట కుదిరిందా అని ఇద్దరినీ విడివిడిగా అడగండి. కుదరలేదంటే కారణం అడక్కుండా మార్చేయండి. కారణం చెప్పాలంటే జూనియర్ చెప్పదు, నెట్టుకొస్తుంది, నాలుగో నెలలో మానేస్తుంది. మెంటర్ సెలవు పెడితే ఎవరు చూస్తారో పేరుతో ముందే రాసి ఉండాలి. సంక్రాంతికి మెంటర్ ఊరెళ్ళిన వారమే జూనియర్‌కు కొత్త క్లయింట్ వచ్చి పడటం మామూలే.

ఫలితం కొలవడానికి సంతృప్తి సర్వేలు పెట్టొద్దు, అందరూ ఐదుకి ఐదు ఇస్తారు. ఎవరి సాయం లేకుండా మొదటి టికెట్ మూసింది ఎన్నో రోజున? వారంలో సగం రోజుకు మించి ఆగిపోయిన సందర్భాలెన్ని, నెలనెలా తగ్గుతున్నాయా? మూడో నెల చివర ఛానల్‌లో ఇంకొక కొత్తవారి ప్రశ్నకు జవాబిచ్చిందా? వీటిలో చివరిదాన్ని అన్నిటికంటే ఎక్కువగా నమ్ముతాను. జవాబివ్వడం మొదలుపెట్టినవాళ్ళు టీమ్‌లో కలిసిపోయినట్టే.

ఒకేసారి ఇరవై మందికి పెట్టమని యాజమాన్యాన్ని అడగొద్దు. రెండు జంటలు, పన్నెండు వారాలు అడగండి. రెండు జంటలకు కలిపి అయ్యేది 48 గంటలు, ఒక మనిషి ఆరు పని దినాలు. కాలేజీల నుంచి కొత్త బ్యాచ్ జులైలో చేరుతుంటే జూన్‌లోనే ఇద్దరు మెంటర్లను ఎంచి, గంట చొప్పున రెండుసార్లు కూర్చోబెట్టండి. మొదటి గంట ప్రశ్నకు జవాబు రాయడం మీద: మీ ఛానల్‌లో పాత ప్రశ్నలు పది తీసి వాటికి మళ్ళీ జవాబులు రాయించండి. రెండో గంట స్క్రీన్ మీద: ఒకరు జూనియర్‌గా నటించాలి, రెండోవారు మౌస్ ముట్టకుండా నోటితోనే పని చేయించాలి. ఈ రెండో గంటలో ఓపిక పట్టలేక "ఇటివ్వండి, నేను చేస్తాను" అన్నవారిని ఈ విడతకు మెంటర్‌గా తీసుకోవద్దు. సాధనతో వస్తుంది, వచ్చే విడతకు మళ్ళీ చూడండి.